క్రాస్ కప్లింగ్ సరిగ్గా చేయడం ఎలా: గ్రిన్యార్ తయారీ నుంచి పల్లాడియం వదిలించుకునేదాకా

"కప్లింగ్ రావట్లేదు, లిగాండ్ మార్చమంటారా?" అని చాలామంది అడుగుతున్నారు. (కప్లింగ్ అంటే రెండు వేర్వేరు కార్బన్ ముక్కలను లోహపు కేటలిస్ట్ సాయంతో అతికించడం, లిగాండ్ అంటే ఆ లోహానికి అతుక్కుని దాని పనితీరును మార్చే అణువు.) మార్చండి, వద్దనను. కానీ అంతకుముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. మీ సీసాలో రీజెంట్ గాఢత ఎంత, దాన్ని ఎప్పుడు కొలిచారు? సాల్వెంటుగా వాడే టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్)లో నీళ్లు ఎన్ని ఉన్నాయి? ఫ్లాస్కులో ఆక్సిజన్ ఎంత మిగిలింది? ఇవి తెలియకుండా పది లిగాండ్లు మార్చినా ఆ ఫలితాలకు అర్థం ఉండదు, ఎందుకంటే ఒకసారి నీళ్ల వల్ల, ఇంకోసారి గాలి వల్ల, మరోసారి రీజెంట్ సగమే ఉండటం వల్ల రియాక్షన్ పోతుంది, మనం మాత్రం నోట్‌బుక్కులో "లిగాండ్ పనిచేయలేదు" అని రాసి పేజీ తిప్పేస్తాం.

అందుకే ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం. 4-బ్రోమోఅనిసోల్‌తో గ్రిన్యార్ (కార్బన్‌కి మెగ్నీషియం అతికిన రీజెంట్) చేస్తాం, దాన్ని జింక్ రీజెంట్‌గా మారుస్తాం, ఆపై పల్లాడియం కేటలిస్ట్‌తో ఇథైల్ 4-బ్రోమోబెంజోయేట్‌కి కలుపుతాం. ఈ జంటనే ఎందుకు తీసుకున్నానంటే, ఇందులో ఎస్టర్ ఉంది. గ్రిన్యార్ నేరుగా తగిలితే ఎస్టర్‌ని తినేస్తుంది, కాబట్టి జింక్ దశలో మీరు చేసిన తప్పు ఏదైనా ఉత్పాదితంలో బయటపడిపోతుంది. బోరాన్‌తో చేసే సుజుకి కప్లింగ్ సంగతి ఆ తర్వాత.

ఇది ఫ్యూమ్ హుడ్, ఆర్గాన్ లేదా నైట్రోజన్ లైన్, పక్కన అనుభవం ఉన్న మనిషి, మూడూ ఉన్నవాళ్ల కోసం. మూడింటిలో ఏది లేకపోయినా మొదలుపెట్టకండి.

## 1. ఏ లోహంతో చేయాలో ముందు తేల్చుకోండి

మెగ్నీషియం, అంటే కుమాడ కప్లింగ్: అణువులో ఎస్టర్, కీటోన్, నైట్రైల్, ఆమ్ల ప్రోటాన్ లేకపోతే ఇదే తక్కువ పని. పల్లాడియం బదులు నికెల్ కేటలిస్ట్ కూడా బాగా నడుస్తుంది.

జింక్, అంటే నెగిషి: ఎస్టర్‌ని, నైట్రైల్‌ని ముట్టుకోదు. ఆల్కైల్ గుంపులు అతికించడానికి మంచి దారి. గాలి, తేమ మాత్రం పడవు.

బోరాన్, అంటే సుజుకి: గాలిలో తూకం వేసుకోవచ్చు, నీళ్లతో ఇబ్బంది లేదు. కానీ బేస్ తప్పనిసరి, కొన్ని హెటెరోఆరైల్ (రింగులో నైట్రోజన్, ఆక్సిజన్ లాంటివి ఉన్న) బోరానిక్ ఆమ్లాలు ఆ బేస్‌లోనే చచ్చిపోతాయి.

టిన్, అంటే స్టిల్లే: బేస్ అక్కర్లేదు, సున్నితమైన అణువుల మీద కూడా నడుస్తుంది. కానీ విషం, పైగా టిన్ అవశేషాలు ఉత్పాదితాన్ని ఒక పట్టాన వదలవు. మిగతావన్నీ అయిపోయాకే దీని జోలికి వెళ్లండి.

నా లెక్క ఇది: కావలసిన బోరానిక్ ఆమ్లం చేతిలో ఉండి, అణువు బేస్‌ని తట్టుకుంటే సుజుకి. లేదంటే జింక్.

ఇక ఏ ముక్కను లోహం వైపు ఉంచాలి, దేన్ని హాలైడ్ (క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్) వైపు ఉంచాలి అన్నది చాలామంది ఆలోచించరు. ఎలక్ట్రాన్లు తక్కువున్న రింగు మీద హాలైడ్ ఉంటే పల్లాడియం ఆ బంధంలోకి తేలిగ్గా దూరుతుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువున్న రింగు లోహం వైపు ఉంటే పల్లాడియం మీదికి సాధారణంగా త్వరగా బదిలీ అవుతుంది. పిరిడీన్ 2వ స్థానంలో కప్లింగ్ కావాలంటే పిరిడీన్ మీద బ్రోమిన్ పెట్టుకోండి. 2-పిరిడైల్ బోరానిక్ ఆమ్లం కొని తెచ్చుకుంటే సగం టెన్షన్ కూడా కొని తెచ్చుకున్నట్టే.

హాలైడ్ల వేగం మామూలుగా ఈ వరుసలో ఉంటుంది: అయొడైడ్ ముందు, తర్వాత బ్రోమైడ్, ట్రైఫ్లేట్ (హాలైడ్‌లాగే ఊడిపోయే గుంపు) దాదాపు పక్కపక్కన, చివర క్లోరైడ్. మామూలు ఆరైల్ (బెంజీన్ లాంటి రింగు) క్లోరైడ్‌ని ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌తో కదిలించాలని చూడకండి. ఎస్‌ఫాస్, ఎక్స్‌ఫాస్ లాంటి లావుపాటి, ఎలక్ట్రాన్లు దండిగా ఇచ్చే ఫాస్ఫీన్లు, అంటే ఫాస్ఫరస్ ఉన్న లిగాండ్లు కావాలి.

## 2. సాల్వెంటు, గాజు, వాయువు

ఇక్కడ రెండు చిన్న లెక్కలు చేద్దాం, ఈ గైడ్ మొత్తానికి ఇవే ఆయువుపట్టు.

మొదటిది నీళ్లు. 10 మి.లీ. టీహెచ్ఎఫ్ బరువు సుమారు 8.9 గ్రాములు. అందులో 200 పీపీఎం (పది లక్షల్లో 200 భాగాలు) నీళ్లుంటే 1.8 మిల్లీగ్రాములు, అంటే 0.1 మిల్లీమోల్. మీరు 1 మిల్లీమోల్ గ్రిన్యార్‌తో పనిచేస్తుంటే పదో వంతు అక్కడే పోయింది. చిన్న స్కేల్‌లో దిగుబడి పడిపోయి, పెద్ద స్కేల్‌లో "తనంతట తానే" బాగుపడటానికి కారణం చాలాసార్లు ఇదే.

రెండోది ఆక్సిజన్. ఫ్లాస్కులో ద్రవం పైన 10 మి.లీ. గాలి మిగిలితే అందులో ఆక్సిజన్ 2.1 మి.లీ., అంటే దాదాపు 0.09 మిల్లీమోల్. 1 మిల్లీమోల్ రియాక్షన్‌లో మీరు వేసే 1 శాతం పల్లాడియం 0.01 మిల్లీమోల్. కేటలిస్ట్ కన్నా ఆక్సిజన్ తొమ్మిది రెట్లు ఎక్కువ ఉందన్నమాట. ఇలాంటి ఫ్లాస్కులో ఏ లిగాండ్ మంచిదో తేల్చడం కుదిరే పనేనా?

టీహెచ్ఎఫ్ ఆరబెట్టడానికి సోడియం డిస్టిలేషనే అక్కర్లేదు. 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్ (సన్నని రంధ్రాలతో నీళ్లను పీల్చే గుళికలు) ఘనపరిమాణంలో 20 శాతం బరువు లెక్కన వేసి, అంటే 100 మి.లీ.కి 20 గ్రాములు, రెండు మూడు రోజులు ఆర్గాన్ కింద వదిలేస్తే 10 పీపీఎం కిందికి దిగుతుంది. అయితే సీవ్స్‌ని 300 డిగ్రీల దగ్గర ఒక రోజంతా వేడిచేసి ఉండాలి. డబ్బా మూత తీసి నేరుగా వేసిన సీవ్స్ ఏమీ ఆరబెట్టవు, ఉన్న తేమను ఇచ్చినా ఇస్తాయి. నీళ్లు కొలిచే కార్ల్ ఫిషర్ యంత్రం అందుబాటులో ఉంటే కొలిచి, సీసా మీద తేదీతో రాయండి.

ఇన్‌హిబిటర్ (పెరాక్సైడ్లను ఆపే పదార్థం) లేని టీహెచ్ఎఫ్ నిల్వలో పేలే స్వభావమున్న పెరాక్సైడ్లు చేరతాయి. సీసా పాతదైతే స్ట్రిప్‌తో పరీక్షించకుండా వాడకండి, వేడిచేసి ఆవిరి అసలే చేయకండి.

ఆక్సిజన్ తీయడానికి రెండు పద్ధతులున్నాయి. సన్నని నీడిల్‌తో ఆర్గాన్‌ని ద్రవం అడుగు నుంచి 15-20 నిమిషాలు బుడగలుగా పంపడం మొదటిది. ఇందులో టీహెచ్ఎఫ్ కొంత ఎగిరిపోతుంది కాబట్టి రియాక్షన్ ఫ్లాస్కులో కాకుండా సాల్వెంటు సీసాలోనే చేయండి. రెండోది గడ్డకట్టించి, వాక్యూమ్ లాగి, కరిగించడం, ఇలా మూడుసార్లు. ఇది ఇంకా మేలు. కానీ జాగ్రత్త: ఆర్గాన్ లైన్‌కి తెరిచి ఉన్న ఫ్లాస్కును ద్రవ నైట్రోజన్‌లో పెట్టకూడదు. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు, ఆర్గాన్ మైనస్ 186 దగ్గరే ద్రవమవుతుంది. ఫ్లాస్కులోకి కనపడకుండా చేరిన ద్రవ ఆర్గాన్, ఆపై ఫ్లాస్కు మూసి వెచ్చబడనిస్తే, ఒక్కసారిగా వాయువై గాజును పేల్చేస్తుంది.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- గాజుసామాను ఓవెన్‌లో రాత్రంతా ఉందా, వేడిగా ఉండగానే బిగించారా?
- వాక్యూమ్, ఆర్గాన్ మూడుసార్లు మార్చారా?
- సెప్టమ్ (నీడిల్ గుచ్చే రబ్బరు మూత) కొత్తదేనా? పది నీడిళ్లు గుచ్చిన సెప్టమ్ జల్లెడతో సమానం.
- ఐస్ బాత్, క్వెంచ్ ద్రావణం (రియాక్షన్‌ని ఆపేసేది), లోహాల మంటకు పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ లేదా పొడి ఇసుక చేతికి అందేంత దూరంలో ఉన్నాయా?
- మంటకు తట్టుకునే ల్యాబ్ కోటు, కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకున్నారా?

చివరిది ఏదో లాంఛనానికి రాసింది కాదు. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టెర్ట్-బ్యూటైల్ లిథియం సిరంజితో తీస్తుండగా పిస్టన్ ఊడి మంట లేచింది. రీసెర్చ్ అసిస్టెంటుగా ఉన్న యువతి ల్యాబ్ కోటు వేసుకోలేదు, ఒంటి మీది స్వెటర్‌కి నిప్పంటుకుంది. తర్వాతి నెలలో ఆమె చనిపోయారు.

## 3. గ్రిన్యార్ తయారీ

1. మెగ్నీషియం తురుము 0.58 గ్రాములు, అంటే 24 మిల్లీమోల్, స్టిర్ బార్‌తో పాటు ఫ్లాస్కులో వేయండి. ఆర్గాన్ కింద కాసేపు పొడిగానే తిప్పండి, పై ఆక్సైడ్ పొర గీసుకుపోతుంది.
2. 3 మి.లీ. టీహెచ్ఎఫ్, చిన్న అయొడిన్ పలుకు వేయండి. దానికి బదులు రెండు మూడు చుక్కల 1,2-డైబ్రోమోఇథేన్ అయినా సరే. లోహం మీద ఇథిలీన్ బుడగలు కనిపిస్తే అది మేలుకున్నట్టే.
3. 4-బ్రోమోఅనిసోల్ 3.74 గ్రాములు, అంటే 20 మిల్లీమోల్, 17 మి.లీ. టీహెచ్ఎఫ్‌లో కలిపి డ్రాపింగ్ ఫన్నెల్‌లో పోసుకోండి. ఇందులో పదో వంతు మాత్రమే వదిలి ఆగండి.
4. మొదలైందో లేదో చూడండి. అయొడిన్ రంగు పోతుంది, ద్రావణం బూడిద రంగులోకి మసకబారుతుంది, ఫ్లాస్కు వెచ్చబడుతుంది. రాకపోతే 40-45 డిగ్రీలకు మెల్లగా వేడిచేయండి.
5. మొదలయ్యాక మిగతాది అరగంట, ముప్పావుగంట పాటు చుక్కలుగా వదలండి. సన్నగా రిఫ్లక్స్ (సాల్వెంటు మరిగి, చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే పడటం) నడిచేలా చూసుకోండి.
6. అంతా పడ్డాక ఇంకో గంట తిప్పండి. రెండు చుక్కలు తీసి అమ్మోనియం క్లోరైడ్‌లో వేసి జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) చూడండి. బ్రోమోఅనిసోల్ మాయమై అనిసోల్ కనిపించాలి.

నాలుగో అడుగు దాటకుండా ఐదుకి వెళ్లకండి. దీన్నే ఎన్నిసార్లయినా చెప్తాను. మొదలవలేదని ఇంకాస్త, ఇంకాస్త బ్రోమైడ్ పోస్తూపోతే అదంతా లోపల పోగవుతుంది, తర్వాత ఒక్కసారిగా అందుకుంటే ఆ వేడిని ఏ ఐస్ బాతూ ఆపలేదు. మొదలయ్యాక భయపడి మరీ చల్లబరచడం కూడా తప్పే. రియాక్షన్ ఆగిపోతుంది, మీరు పోస్తున్నది మళ్లీ పోగవుతుంది. వేడిని అదుపు చేయాల్సింది చుక్కల వేగంతో, ఐస్ బాత్ అత్యవసరానికి మాత్రమే.

ఎంతకీ మొదలవకపోతే తాజా తురుము తీసుకోండి, టీహెచ్ఎఫ్‌లో నీళ్లు మళ్లీ కొలవండి. పొడి లిథియం క్లోరైడ్ సమాన మోల్స్‌లో కలిపి ఉంచితే మొండి బ్రోమైడ్లు, కొన్ని క్లోరైడ్లు కూడా కదులుతాయి.

ఎస్టరో నైట్రైలో ఉన్న ఆరైల్ అయొడైడ్‌తోనే గ్రిన్యార్ కావాలంటే లోహం జోలికి పోకండి. ఐసోప్రోపైల్ మెగ్నీషియం క్లోరైడ్, లిథియం క్లోరైడ్ కలిసిన రీజెంట్, అదే టర్బో గ్రిన్యార్‌తో మైనస్ 20 నుంచి 0 డిగ్రీల మధ్య హాలోజన్‌ని మార్చుకోవచ్చు.

ట్రైఫ్లోరోమిథైల్ ఫినైల్ గ్రిన్యార్ల విషయంలో కూడా ఇదే దారి. వాటిని మెగ్నీషియం లోహంతో చేస్తూ పేలుళ్లు జరిగిన సందర్భాలున్నాయి. పద్ధతి సులువుగా కనిపించినా సరే, లోహంతో చేయకండి, గాఢంగా చేయకండి, సాల్వెంటు ఎగిరిపోయి ఎండనివ్వకండి.

## 4. టైట్రేషన్: ఎవరూ చేయని పని

"20 మిల్లీమోల్ వేశాను, 22 మి.లీ. ఉంది, కాబట్టి 0.9 మోలార్" అని రాసుకోవడం లెక్క కాదు, ఆశ. కొన్న సీసా మీద ముద్రించిన అంకె కూడా ఆ సీసా నిండిన రోజుది.

అయొడిన్ టైట్రేషన్‌కి పావుగంట చాలు.

1. లిథియం క్లోరైడ్‌ని వాక్యూమ్‌లో వేడిచేసి ఆరబెట్టి, పొడి టీహెచ్ఎఫ్‌లో 0.5 మోలార్ ద్రావణం చేసుకోండి. ఒకసారి చేసుకుంటే నిల్వ ఉంచుకోవచ్చు.
2. అయొడిన్ 127 మిల్లీగ్రాములు, అంటే 0.5 మిల్లీమోల్, పొడి వైల్‌లో తూచండి. ఆవిరవుతుంది కాబట్టి తూచిన వెంటనే మూత పెట్టండి.
3. ఆర్గాన్ కింద 3 మి.లీ. ఆ ద్రావణం పోసి కరిగించి, 0 డిగ్రీలకు చల్లబరచండి.
4. 1 మి.లీ. సిరంజితో గ్రిన్యార్‌ని చుక్కలుగా వదలండి. ముదురు గోధుమ రంగు లేత పసుపై, ఆపై రంగు పూర్తిగా పోతుంది. అక్కడ ఆగి, సిరంజి మీది అంకె చదవండి.
5. ఒక అయొడిన్ అణువు ఒక గ్రిన్యార్‌ని తీసుకుంటుంది. 0.62 మి.లీ. పట్టిందనుకోండి, 0.5ని 0.62తో భాగిస్తే 0.81 మోలార్.

రెండుసార్లు చేయండి. రెండు అంకెలూ కొద్ది శాతం తేడాలో కలవకపోతే మూడోసారి చేయాల్సిందే. మన ఉదాహరణలో మొత్తం ద్రవం సుమారు 22.5 మి.లీ., కాబట్టి గాఢత 0.89 దాటే అవకాశమే లేదు. అంతకన్నా ఎక్కువొస్తే సంతోషపడకండి, టీహెచ్ఎఫ్ ఎగిరిపోయి ఉండాలి లేదా అయొడిన్ తూకం తప్పి ఉండాలి.

మామూలు ఆమ్ల-క్షార టైట్రేషన్ ఎందుకు వద్దంటే, అది నీళ్లతో పాడైపోయిన హైడ్రాక్సైడ్‌ని, గాలి తగిలి ఏర్పడ్డ ఆల్కాక్సైడ్‌ని కూడా మంచి రీజెంట్‌గానే లెక్కేస్తుంది. పాత సీసా ఆ పద్ధతిలో కొత్తదానిలా కనిపిస్తుంది.

ఫ్రిజ్‌లో ఉంచిన సీసాలో తెల్లటి స్ఫటికాలు కనిపిస్తే గది ఉష్ణోగ్రతకు తెచ్చి, అవి పూర్తిగా కరిగాకే కొలవండి. మెగ్నీషియం పొడి అడుగున దిగాక పైనున్న ద్రావణమే తీయండి. ఆల్కైల్ లిథియంలకు డైఫినైల్ ఎసిటిక్ ఆమ్లం వాడొచ్చు, పసుపు రంగు నిలిచిన చోటే ఎండ్ పాయింట్.

## 5. జింక్‌కి మార్చడం

జింక్ క్లోరైడ్ తేమ పీల్చడంలో ఉప్పుని మించింది. ఘనపదార్థం వాడితే ఫ్లాస్కులో వాక్యూమ్ కింద కరిగేదాకా వేడిచేసి, చల్లార్చి, ఆర్గాన్ నింపాలి. గడ్డలుగా ఉన్నదాన్ని నేరుగా వేస్తే గ్రిన్యార్‌లో కొంత అక్కడే అనిసోల్ అయిపోతుంది. పని తక్కువ కావాలంటే టీహెచ్ఎఫ్‌లో 1.0 మోలార్ ద్రావణం కొనుక్కోండి.

1. 0 డిగ్రీల దగ్గర 1.4 మి.లీ. జింక్ క్లోరైడ్ ద్రావణం తీసుకోండి.
2. దానిలోకి 0.81 మోలార్ గ్రిన్యార్ 1.6 మి.లీ., అంటే 1.3 మిల్లీమోల్, చుక్కలుగా వదలండి.
3. ఐస్ తీసేసి అరగంట తిప్పండి. తెల్లగా మసకబారడం, అవక్షేపం రావడం మామూలే, అవి మెగ్నీషియం లవణాలు.

జింక్ కొంచెం ఎక్కువ ఉండేలా 1.4 వేశాం చూడండి, కావాలనే వేశాం. ఒక్క చుక్క గ్రిన్యార్ కూడా జింక్ లేకుండా మిగలకూడదు. టైట్రేషన్ చేయకుండా "0.8 ఉంటుందిలే" అనుకుని, అది నిజంగా 1.0 అయితే (కొన్న సీసాలో అలా ఉండొచ్చు), జింక్ చాలక మిగిలిన గ్రిన్యార్ నేరుగా మీ ఎస్టర్ మీదికి పోతుంది.

## 6. నెగిషి కప్లింగ్

2.2 మిల్లీగ్రాముల పల్లాడియం ఎసిటేట్‌ని మామూలు తక్కెడ మీద నమ్మకంగా తూచడం కష్టం. అందుకని ఐదు రియాక్షన్లకు సరిపడా ఒకేసారి చేసుకోండి: పల్లాడియం ఎసిటేట్ 11.2 మిల్లీగ్రాములు, ఎస్‌ఫాస్ 41 మిల్లీగ్రాములు, ఆక్సిజన్ తీసిన టీహెచ్ఎఫ్ 5 మి.లీ. పది నిమిషాలు తిప్పండి. ఇందులో 1 మి.లీ. తీసుకుంటే 1 శాతం పల్లాడియం, 2 శాతం లిగాండ్. అదే రోజు వాడేయండి.

1. ఇథైల్ 4-బ్రోమోబెంజోయేట్ 229 మిల్లీగ్రాములు, అంటే 1 మిల్లీమోల్, జీసీలో మిగతావాటిని పోల్చుకోవడానికి తూచిన టెట్రాడెకేన్ ఫ్లాస్కులో వేసి ఆర్గాన్ నింపండి.
2. కేటలిస్ట్ ద్రావణం 1 మి.లీ. వేయండి.
3. ఏదీ వేడిచేయకముందే సున్నా సమయం శాంపిల్ తీయండి. దీన్ని మర్చిపోతే తర్వాత వచ్చే అంకెలన్నీ గాల్లో ఉంటాయి.
4. జింక్ రీజెంట్ మొత్తం నెమ్మదిగా వేయండి.
5. గది ఉష్ణోగ్రత దగ్గర 15 నిమిషాలకు ఒక శాంపిల్ చూడండి. కదలిక లేకపోతే 60 డిగ్రీలకు పెంచి గంటకు, మూడు గంటలకు చూడండి.

జీసీలో 4,4'-డైమిథాక్సీబైఫినైల్ (రెండు అనిసోల్ ముక్కలు తమలో తాము అతుక్కున్నది, అంటే హోమోకప్లింగ్) కొంచెం కనిపిస్తే కంగారుపడకండి. పల్లాడియం ఎసిటేట్‌లోని రెండో ఆక్సీకరణ స్థితి పల్లాడియం సున్నాకి దిగాలంటే రెండు ఆరైల్ ముక్కలు కలిసి బయటికి వస్తాయి, అందుకే దాదాపు పల్లాడియం అంత మోల్స్‌లో అది తప్పదు. గ్రిన్యార్ తయారీలోనే కొంత వచ్చి ఉండొచ్చు కూడా, క్వెంచ్ చేసిన శాంపిల్‌లో ముందే చూసి ఉంచుకోండి. ఈ రెండూ కలిపినదానికన్నా బాగా ఎక్కువుంటే ఆక్సిజన్‌ని అనుమానించాలి.

ఆల్కైల్ జింక్‌లతో ఇంకో చిక్కుంది. పల్లాడియం మీదికి వచ్చిన ఆల్కైల్ గుంపు పక్క కార్బన్ నుంచి హైడ్రోజన్ వదిలేసి ఆల్కీన్‌గా జారిపోతుంది, ఐసోప్రోపైల్ పెడితే నార్మల్ ప్రోపైల్ అతుక్కుని రావడం దీనివల్లే. సెకండరీ ఆల్కైల్ జింక్‌లకు సీఫాస్ లిగాండ్‌ని ఇందుకోసమే తీర్చిదిద్దారు.

## 7. సుజుకి చేస్తుంటే

1 మిల్లీమోల్ ఆరైల్ బ్రోమైడ్‌కి బోరానిక్ ఆమ్లం 1.3 నుంచి 1.5 మిల్లీమోల్, పొటాషియం ఫాస్ఫేట్ 2 మిల్లీమోల్ అంటే 425 మిల్లీగ్రాములు, పైన చెప్పిన పల్లాడియం, లిగాండ్, డయాక్సేన్ 4 మి.లీ., నీళ్లు 1 మి.లీ., 80 డిగ్రీలు. మొదటి ప్రయత్నానికి ఇది చాలు.

ఘనపదార్థాలన్నీ ముందు వేసి, మూడుసార్లు వాక్యూమ్-ఆర్గాన్ చేసి, ఆక్సిజన్ తీసిన డయాక్సేన్, నీళ్లు తర్వాత పోయండి. నీళ్లలోని ఆక్సిజన్‌ని చాలామంది వదిలేస్తారు. "ఎలాగూ నీళ్లు పోస్తున్నాం కదా" అన్న నిర్లక్ష్యం సుజుకిలో ఎక్కువ. దీనికి నీళ్లు పడతాయి, గాలి పడదు.

బోరానిక్ ఆమ్లం తూకాన్ని పూర్తిగా నమ్మొద్దు. నిల్వలో దాని అణువులు మూడేసి కలిసి, నీళ్లు వదిలి బోరాక్సిన్‌గా మారుతుంటాయి, సీసాలో రెండూ కలగలిసి ఉంటాయి. రియాక్షన్‌కి నష్టం లేదు, మోల్స్ లెక్కే కొంచెం అటూ ఇటూ అవుతుంది.

అసలు సమస్య బోరాన్ ఊడిపోవడం. 2-పిరిడైల్, 2-ఫ్యూరైల్, పెంటాఫ్లోరోఫినైల్, 2,6-డైఫ్లోరోఫినైల్ బోరానిక్ ఆమ్లాలు వేడి బేస్‌లో కప్లింగ్ కన్నా ముందే బోరాన్ పోగొట్టుకుంటాయి. ఇక్కడ ఉష్ణోగ్రత పెంచడం నిప్పులో నెయ్యి పోయడమే. ఎక్స్‌ఫాస్ ప్రీకేటలిస్ట్ (లిగాండ్ ముందే అతుక్కున్న పల్లాడియం) లాంటి చురుకైనది వాడి గది ఉష్ణోగ్రత, 40 డిగ్రీల మధ్య చేయండి. లేదా మెల్లమెల్లగా బోరానిక్ ఆమ్లాన్ని వదిలే మిడా బోరోనేట్ వాడండి. అదీ కాదంటే హాలైడ్, బోరాన్ స్థానాలు మార్చండి, నేనైతే ముందు ఇదే చూస్తాను.

## 8. రాలేదా? పక్క ఉత్పాదితాలను చదవండి

టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ)లో కొత్త మచ్చ లేదని పారేయకండి. ఆ ఫ్లాస్కులో ఏం మిగిలిందో, ఏం ఏర్పడిందో చూస్తే కారణం దాదాపు దొరికేస్తుంది.

బ్రోమైడ్ అలాగే ఉంది, లోహపు ముక్క (జింక్ లేదా బోరాన్ ఉన్నది) అంతా అనిసోల్ అయింది: తప్పు కేటలిస్ట్‌ది కాదు. నీళ్లు, పాత జింక్ క్లోరైడ్, సుజుకి అయితే బోరాన్ ఊడిపోవడం. అనిసోల్ 154 డిగ్రీల దగ్గర మరుగుతుంది, సాల్వెంటు ఆవిరిచేసే రోటావేపర్‌లో కొంత పోతుంది కాబట్టి సాల్వెంటు తీయకముందే జీసీ చూడండి.

బ్రోమైడ్ ఉంది, లోహపు ముక్క కూడా ఉంది: ఇప్పుడు కేటలిస్ట్‌ని అనండి. ఫ్లాస్కు గోడలకు నల్లగా పట్టిందంటే పల్లాడియం గుంపుకట్టి బయటికొచ్చేసింది. ఫాస్ఫీన్ గాలికి ఆక్సైడ్ అయిందేమో 31-ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్‌లో చూడండి. పల్లాడియం-డీబీఏ (డైబెంజిలిడీన్ ఎసిటోన్) కాంప్లెక్స్ వాడుతుంటే ఆ సీసానే అనుమానించండి, అందులో పల్లాడియం నానోకణాలు కలిసి ఉన్న నమూనాలు మార్కెట్‌లో దొరుకుతాయని 2012లోనే తేలింది. టెట్రాకిస్ (నాలుగు ట్రైఫినైల్‌ఫాస్ఫీన్లు అతుక్కున్న పల్లాడియం) పసుపు రంగు పోయి గోధుమ, ఆకుపచ్చ ఛాయలోకి తిరిగితే కొత్తది తెరవండి.

లోహపు ముక్కలు రెండూ ఒకదానికొకటి అతుక్కున్నాయి: ఆక్సిజన్.

బ్రోమిన్ పోయి హైడ్రోజన్ వచ్చింది, అంటే ఇథైల్ బెంజోయేట్: ఎక్కడో హైడ్రైడ్ దొరుకుతోంది. ఆల్కైల్ జింక్, ఆల్కహాల్ సాల్వెంట్లు ముందు చూడాల్సినవి.

కీటోన్, టెర్షియరీ ఆల్కహాల్: గ్రిన్యార్ మిగిలిపోయింది. ఐదో భాగానికి తిరిగి వెళ్లండి.

మార్పులు చేసేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి, ఈ వరుసలో: టైట్రేషన్ మళ్లీ చేయడం, ఆక్సిజన్ మళ్లీ తీయడం, ఉష్ణోగ్రత, పల్లాడియం మూలం, లిగాండ్, చివరగా సాల్వెంటు, బేస్. బాగా పనిచేస్తుందని మీకు ఖాయంగా తెలిసిన జంటను అదే రోజు, అదే ద్రావణాలతో పక్క ఫ్లాస్కులో పెట్టండి. అది కూడా పోతే మీ కొత్త అణువు తప్పేం లేదు.

పల్లాడియం లేని కంట్రోల్ కూడా పెట్టండి, కొత్త స్టిర్ బార్‌తో. 2003లో లోహమే లేకుండా సుజుకి నడుస్తుందని ప్రచురించినవాళ్లే 2005లో వెనక్కి వెళ్లి చూస్తే, వాడిన సోడియం కార్బొనేట్‌లో బిలియన్‌కి 50 భాగాల స్థాయిలో ఉన్న పల్లాడియం ఆ పని చేసిందని తేలింది. వాడిన స్టిర్ బార్ల గీతల్లో ఇరుక్కున్న లోహం తర్వాతి రియాక్షన్‌ని నడపగలదని 2019లో చూపించారు. మీ నికెల్ కప్లింగ్ పాత స్టిర్ బార్‌తో బ్రహ్మాండంగా వచ్చి, కొత్తదానితో ఆగిపోతే ఏం జరిగిందో ఇప్పుడు ఊహించొచ్చు.

## 9. క్వెంచ్, శుద్ధి, పల్లాడియం

ఫ్లాస్కుని 0 డిగ్రీలకు తెచ్చి, సంతృప్త అమ్మోనియం క్లోరైడ్ చుక్కలుగా వేయండి. తక్కువ వేస్తే జింక్ హైడ్రాక్సైడ్ జెల్లీలా పట్టి సెపరేటింగ్ ఫన్నెల్‌లో పొరలు విడిపోవు. అలా అయితే ఈడీటీఏ డైసోడియం ద్రావణంతో కడగండి, జింక్‌ని పట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది.

గ్రిన్యార్ ఫ్లాస్కులో మిగిలిన మెగ్నీషియానికి ముందు ఐసోప్రొపనాల్, ఆపై చల్లగా ఉంచుతూ విలీన ఆమ్లం నెమ్మదిగా. హైడ్రోజన్ వస్తుంది, మూత బిగించకండి.

కాలమ్ క్రొమటోగ్రఫీతో శుద్ధి చేశాక కూడా పదార్థం గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే పల్లాడియం ఉన్నట్టే, తెల్లగా ఉన్నంత మాత్రాన లేనట్టు కాదు. పల్లాడియాన్ని పట్టుకునే థయాల్ సిలికాతో గది ఉష్ణోగ్రత దగ్గర కొన్ని గంటలు తిప్పి వడకట్టడం మొదట చేయాల్సింది. ట్రైమెర్కాప్టోట్రైయజీన్, యాక్టివేటెడ్ కార్బన్, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కడుగు కూడా పనిచేస్తాయి, ఏది మీ అణువుని తక్కువ తింటుందో చిన్న మొత్తంతో చూసుకోండి. సీలైట్ (వడకట్టడానికి వాడే పొడి) మీద పట్టిన నల్ల పల్లాడియాన్ని పొడిగా ఆరనివ్వకండి, తడిగా ఉండగానే నీళ్లున్న వేస్ట్ డబ్బాలో వేయండి.

జీవకణాల మీద పరీక్షించే సమ్మేళనమైతే ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ లోహాన్ని కూడా కొలిచే పరికరం)తో పల్లాడియం కొలిపించండి, లేకపోతే మీరు చూసే ప్రభావం అణువుదో లోహానిదో తెలియదు. మందుల తయారీకి ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ) క్యూ3డీ మార్గదర్శకం నోటి ద్వారా తీసుకునేవాటిలో పల్లాడియాన్ని రోజుకి 100 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. రోజుకు 10 గ్రాముల డోసు అనుకుంటే 10 పీపీఎం.

నోట్‌బుక్కులో ఆ రోజే రాయాల్సినవి:

- టైట్రేషన్ రెండు అంకెలు, తేదీ
- టీహెచ్ఎఫ్ కార్ల్ ఫిషర్ అంకె
- పల్లాడియం, లిగాండ్ లాట్ నంబర్లు
- ఆక్సిజన్ ఎలా తీశారు, ఎంతసేపు
- సున్నా సమయం శాంపిల్ సహా ప్రతి శాంపిల్ సమయం, రంగు
- అనిసోల్, హోమోకప్లింగ్, మిగిలిన బ్రోమైడ్ శాతాలు, ఉత్పాదితం శాతం పక్కనే
- స్టిర్ బార్ కొత్తదా, పాతదా